రోజూ ఒంట్లోకి చేరే కెఫీన్‌ను కొలవడం ఎలా?

"రోజుకు ఎన్ని కప్పుల కాఫీ తాగుతారు?" అని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా "రెండే" అంటారు. ఆ రెండు అనే మాటతో పరిశోధనకు ఒరిగేదేమీ ఉండదు. ఒకరి కప్పులో 100 మి.లీ. పడితే, ఇంకొకరి మగ్గులో 350 పడుతుంది.

1. ముందు మీకు కావాల్సింది ఏంటో తేల్చుకోండి. సగటు అలవాటు చాలంటే మోతాదు తెలిస్తే సరిపోతుంది. నిద్ర గురించైతే టైమ్ కూడా రాయించాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

2. "ఇంకేమైనా తాగుతారా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. టీ, కోలా, ఎనర్జీ డ్రింక్, చాక్లెట్ అంటూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడగండి. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. డీకాఫ్‌లోనూ, అంటే కెఫీన్ తీసేసిన కాఫీలోనూ, కాస్త ఉంటుంది.

3. అసలు పని కప్పు దగ్గరే. రోజూ వాడే కప్పునే తెమ్మనండి. మామూలుగా ఎంతవరకు పోసుకుంటారో అంతవరకు నీళ్లు పోయించి, ఆ నీళ్లను కొలత గీతలున్న జాడీలోకి వంపండి. అంచు దాకా నింపనివ్వకండి, అలా ఎవరూ తాగరు. చివర్లో వదిలేసేది ఎంతో కూడా అడగండి.

4. ఏడు రోజులు డైరీ రాయించండి. అంత ఓపిక లేనివాళ్లతో రెండు పనిరోజులు, ఒక సెలవురోజు. తాగిన వెంటనే రాయాలి. రాత్రి కూర్చుని గుర్తు చేసుకుంటే మధ్యాహ్నం టీ ఎగిరిపోతుంది.

5. ఇక లెక్క. 240 మి.లీ. మామూలు బ్లాక్ కాఫీలో సుమారు 95 మి.గ్రా., అంతే బ్లాక్ టీలో 47, 355 మి.లీ. కోలాలో 34 మి.గ్రా. వరకు ఉంటాయి. 300 మి.లీ. కాఫీ రెండుసార్లు, ఒక కోలా తాగితే సుమారు 272 మి.గ్రా. గింజ రకాన్ని, కాచే తీరును బట్టి ఇది చాలా మారుతుంది. అయినా అందరికీ ఒకే పట్టిక వాడండి. ప్యాకెట్ మీద అంకె ఉంటే మాత్రం దాన్నే తీసుకోండి.

6. డబ్బు, ల్యాబ్ ఉంటే కొందరి లాలాజలంలో కెఫీన్‌తో పాటు, అది విడిపోయినప్పుడు ఏర్పడే పారాజాంథిన్‌ను కూడా చూడండి. పొగతాగేవాళ్లలో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది, గర్భిణుల్లో నెమ్మదిగా. కాబట్టి ల్యాబ్ అంకెను నేరుగా కప్పుల్లోకి మార్చేయకూడదు.

డైరీలో ఖాళీగా వదిలిన గడిని సున్నా కింద వేయకండి. ఫోన్ చేసి అడగండి. తాగలేదా, రాయలేదా?