క్యాంపర్ ట్రైలర్ కొనాలా? బెజవాడ, గుంటూరు వాళ్లు ముందు చూస్కోవాల్సినవి

క్యాంపర్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, ఆగిన చోట పడుకోడానికీ వండుకోడానికీ ఏర్పాటున్న చిన్న బండి. అది కొందాం అనుకునేవాళ్లు చాలామంది ముందు యూట్యూబ్‌లో ఆస్ట్రేలియా వీడియోలు చూస్తారు. పక్కనుంచి కిచెన్ సొరుగులాగా బయటికొస్తుంది, పైన గుడారం లేస్తుంది, సోలార్, ఫ్రిజ్, గీజర్ అన్నీ ఉంటాయి, చూడగానే మనసు పడిపోతుంది. తర్వాత రేటు చూస్తారు, ఆఖర్న గుర్తొస్తుంది దీన్ని లాగాల్సింది మన కారే అని. దయచేసి దీన్ని తిరగేసి చెయ్యండి. ముందు కారు, తర్వాత ఇంటి దగ్గర ఎక్కడ పెడతారు, తర్వాత ఏ రోడ్ల మీద తిప్పుతారు, రాత్రి ఎలా పడుకుంటారు. ఫీచర్ల సంగతి వీటన్నిటి తర్వాతే. ఎందుకంటే ప్రతి ఫీచరూ కేజీల్లోనే వచ్చి కూర్చుంటుంది, ఆ కేజీలు మోసేది మీ క్లచ్చూ మీ బ్రేకులూ.

కారు మాన్యువల్ తీసి ఎంత బరువు లాగొచ్చో రాశాడేమో చూడండి. బ్రేకులున్న ట్రైలర్‌కి ఒక అంకె, లేనిదానికి ఒక అంకె విడిగా ఉంటాయి, రెండోది చాలా తక్కువుంటుంది. కొన్ని కార్లకి అసలు లాగొద్దనే రాసుంటుంది, అలా ఉంటే ఇంక వాదన లేదు, వదిలెయ్యండి. బంపర్‌లో మూత తీసి బిగించే కొక్కెం ఉంటుంది చూడండి, అది బండి ఆగిపోతేనో బురదలో దిగబడితేనో తాడు కట్టి లాగడానికి, ట్రైలర్ తగిలించడానికి కాదు. ట్రైలర్ తగిలించాలంటే కారు చాసిస్‌కి బిగించిన హిచ్, అంటే లాగే ఇనుప చట్రం కావాలి, దానిమీద 50 మిల్లీమీటర్ల బాల్, అంటే ఇనుప గుండు ఉండాలి. మన పొలాల్లో ట్రాక్టర్ ట్రక్కుకి వాడే పిన్ను పద్ధతి కారుకి పనికిరాదు, పిన్ను దగ్గరుండే వదులు వల్ల బ్రేక్ వేసినప్పుడల్లా వెనకనుంచి గుద్దుతూ ఉంటుంది.

ఇక బరువు. అమ్మేవాళ్లు చెప్పేది ఖాళీ బరువు. దానికి నీళ్ల ట్యాంకు 80 లీటర్లైతే 80 కేజీలు కలపండి, గ్యాస్ బండ, బ్యాటరీ, ఫ్రిజ్, అందులో సామాను, పరుపులు, కుర్చీలు, వంట సామాన్లు, ఇంకా మన అమ్మలు పెట్టే పచ్చడి జాడీల దగ్గర్నుంచి మంచినీళ్ల టిన్నుల దాకా అన్నీ వేస్కుంటే 200 కేజీలు ఎక్కడికీ పోవు. 500 కేజీలది అని కొన్నది రోడ్డెక్కేసరికి 700 అవుతుంది. మన దగ్గర దీనికి ఒక సుఖం ఉంది, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, బెజవాడ ఆటోనగర్‌లో, హైవే పక్కన ఎక్కడ చూసినా కాటాలే. సామానంతా సర్దేసి, ట్యాంకు నిండా నీళ్లు నింపి, కారునుంచి విడదీసి ట్రైలర్ ఒక్కదాన్నే కాటా వేయించండి, స్లిప్ తీస్కోండి. ఆ ఒక్క కాగితం వంద బ్రోచర్ల కంటే ఎక్కువ చెప్తుంది.

ఆ మొత్తంలో బాల్ మీద ఎంత పడుతుందో కూడా తెలియాలి, అది ఇంకా ముఖ్యం. లోడుతో ఉన్న ట్రైలర్ బరువులో దాదాపు పదో వంతు బాల్ మీద ఉండాలి, అంటే 700 కేజీలదైతే 70 కేజీల దగ్గర. లారీల కాటా మీద ఇంత చిన్న బరువు సరిగ్గా తేలదు, ఇంట్లో మనుషులు బరువు చూస్కునే మిషన్ చాలు. చదునుగా ఉన్న చోట ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందుండే చిన్న చక్రం హ్యాండిల్ తిప్పి కప్లింగ్‌ని, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతిని, పైకి లేపండి, మిషన్ మీద పలక వేసి దానిమీద కప్లింగ్ కిందకి సరిపోయే చెక్క మొద్దు నిలబెట్టండి, ఇప్పుడు చిన్న చక్రం మెల్లగా పైకి తిప్పితే బరువంతా మొద్దు మీదకి దిగుతుంది. కప్లింగ్ ఎత్తు కారుకి తగిలించినప్పుడు ఎంతుంటుందో అంతే ఉండాలి, లేకపోతే అంకె మారిపోతుంది. 70 రావాల్సింది 30 వచ్చిందనుకోండి, వెనక బరువెక్కువైందని అర్థం, అలాంటి ట్రైలర్ హైవే మీద 80 కిలోమీటర్ల స్పీడు దాటిందంటే తోక ఊపే ప్రమాదం ఉంది. ఒకవేళ ఊపితే బ్రేక్ గట్టిగా తొక్కకండి, స్టీరింగ్‌తో సరిచెయ్యాలని అటూఇటూ తిప్పకండి, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే స్పీడు తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. వెనక స్పేర్ టైరు, సైకిల్ స్టాండు, జెర్రీ క్యాన్లు వరసగా తగిలించి అమ్మే మోడళ్లు చూడ్డానికి బావుంటాయి గానీ ఈ లెక్కలో అవే దెబ్బకొడతాయి. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా అడగండి. ఇరుసు మీదో కొంచెం ముందో ఉంటే మంచిది, వెనకుంటే నింపినప్పుడల్లా బాల్ తేలికైపోతుంది.

ఇప్పుడు రకాలు. సాఫ్ట్ ఫ్లోర్ అంటే గుడారం పక్కకి విప్పితే దాని అడుగు నేలమీద పరుచుకుంటుంది, తేలిక, చవక, చోటు ఎక్కువ. కానీ గుంటూరు వైపు నల్లరేగడిలో ఒక్క వాన పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, ఆ బంకమట్టి గుడారం అడుగుకి పట్టుకుంటే కడగడానికే ఒక పూట పడుతుంది, పైగా తేళ్లూ పాములూ తిరిగే చోట గుడారం అడుగు నేలమీదే ఉండడం నాకు ఇష్టం లేదు. హార్డ్ ఫ్లోర్‌లో మూతే వెనక్కి తిరగబడి నేలకి అడుగు ఎత్తున ఫ్లోర్ అవుతుంది, శుభ్రంగా ఉంటుంది, త్వరగా అవుతుంది, కానీ బరువు పెరుగుతుంది. ఫార్వర్డ్ ఫోల్డ్‌లో మూత ముందుకి, అంటే కారు వైపుకి తెరుచుకుంటుంది, పిల్లలున్న ఇంటికి చోటు బానే వస్తుంది, కానీ వీటిల్లో చాలావరకు పెద్ద బళ్లు లాగేవే. టియర్‌డ్రాప్ అంటే గట్టి గోడల చిన్న పెట్టె, లోపల ఇద్దరికి పరుపు, వెనక తలుపు ఎత్తితే వంటగది. ఆపగానే పడుకోవచ్చు, విప్పేదీ మడిచేదీ లేదు. ఇద్దరే తిరిగేవాళ్లకి ఇదే నా మాట. కాకపోతే లోపల నిలబడలేరు, వాన పడితే వంట ఆగిపోతుంది, కిటికీలు సరిగా లేకపోతే మన ఎండలకి అది పెట్టె కాదు పొయ్యి. హైబ్రిడ్ (గట్టి గోడలూ గుడారమూ కలిసినది), పాప్‌టాప్ (కప్పు పైకి లేచేది) రకాలు కూడా ఉన్నాయి, అవి దాదాపు చిన్న క్యారవాన్లే, అంటే చక్రాల మీది ఇళ్లే, రేటూ బరువూ రెండూ అలాగే ఉంటాయి.

గాలి సంగతి నేను మళ్లీ మళ్లీ చెప్తా, ఎందుకంటే ఈ వీడియోలు తీసేవాళ్లలో చాలామందికి మన ఉక్కపోత తెలీదు. మనకి చలికాలం మూడు నెలలే, మిగతా రోజుల్లో రాత్రిపూట కూడా చెమట ఆరదు. అందుకే రెండు ఎదురెదురు గోడలకి పెద్ద జాలీ కిటికీలు ఉన్నాయా, జాలీ దోమలు దూరనంత సన్నంగా ఉందా, పైన ఎండకీ వానకీ వేసే ఫ్లై షీటుకీ అసలు కప్పుకీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉందా, కప్పుకి ఫ్యాన్ పెట్టే రంధ్రం ఉందా అని చూడండి. ఏసీ పెడతాం అంటారు, పెట్టొచ్చు, కానీ లెక్క చూడండి: 12.8 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1280 వాట్ అవర్లు, 800 వాట్ల చిన్న ఏసీ దానిమీద గంటన్నర నడుస్తుంది, అంతే. అదే బ్యాటరీ మీద 30 వాట్ల ఫ్యాన్ రాత్రంతా తిరిగినా 20 యాంపియర్ అవర్లు దాటదు, 12 వోల్టుల 45 లీటర్ల ఫ్రిజ్ మన ఎండల్లో రోజుకి 40 నుంచి 60 యాంపియర్ అవర్లు తాగుతుంది. 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఎండ బావుంటే ఇది కొంచెం అటూఇటూగా నింపేస్తుంది. కాబట్టి ఫ్యాన్, ఫ్రిజ్, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జింగ్ వరకు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఏసీ కావాలంటే కరెంట్ దొరికే రిసార్టులోనో తోటలోనో ఆపాల్సిందే. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే గానీ సగానికి మించి వాడితే త్వరగా పోతుంది, బరువు కూడా రెండింతలు. కారు నడుస్తుండగా బ్యాటరీ చార్జ్ అవ్వాలంటే కొత్త కార్లలో మామూలు వైరు లాగితే సరిగా ఎక్కదు, మధ్యలో డీసీ టు డీసీ చార్జర్, అంటే బ్యాటరీకి తగ్గ వోల్టేజీ ఇచ్చే పెట్టె, పెట్టించండి.

గుడారం క్యాన్వాస్‌ది అయితే తడిగా ఉండగానే మడిస్తే మన తేమకి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, ఒకసారి పట్టిన బూజు మచ్చ పోదు. అందుకే కొనే ముందు అడగాల్సిన ప్రశ్న, ఇంటికొచ్చాక దీన్ని విప్పి ఆరేసే చోటు నాకుందా అని. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇది చాలా పెద్ద ఇబ్బంది. సెల్లార్‌లోకి దింపాలంటే ర్యాంపు దగ్గర ముక్కు నేలకి తగులుతుంది, దిగినా మలుపు తిరగదు, తిరిగినా పక్కవాళ్ల స్లాట్ మీదకి వస్తుంది. సత్యనారాయణపురం, వన్ టౌన్ లాంటి సందుల్లో అసలు ఆలోచనే వద్దు. కానూరు, పోరంకి వైపు సొంత ఇల్లు ఉన్నవాళ్లకి పర్వాలేదు. ఊళ్లో తాతగారింటి దొడ్డి ఉంటే ఇంకా మంచిది. పల్లపు చోట మాత్రం పెట్టకండి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో ఎన్ని బళ్లు మునిగాయో అందరం చూశాం. నీళ్లలో నానిన బేరింగులూ బ్యాటరీ మళ్లీ నమ్మలేం.

కొందరు రెడీమేడ్ ఎందుకు, ఆటోనగర్‌లో కట్టించేద్దాం అంటారు. అక్కడి పనితనం మీద నాకు చాలా గౌరవం, లారీ బాడీల దగ్గర్నుంచి ట్రాక్టర్ ట్రక్కుల దాకా కట్టే చేతులు అవి. కానీ వాళ్ల చెయ్యి బరువుకి అలవాటుపడింది, గట్టిగా ఉండాలని మందం ఛానల్ వేసేస్తారు, పైన చెక్కర్డ్ షీట్ (గళ్ల ఇనుప రేకు), కింద లారీ కమాను పట్టీలు. పది టన్నులు మోసేదానికి అది సరైన పనే. మనది అంతా కలిపి 700 కేజీలే, ఛానలే 300 తింటే మిగిలేదేముంది. కమాన్లు మరీ గట్టివైతే ట్రైలర్ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఎగిరెగిరి పడుతుంది, లోపల గిన్నెలు, స్క్రూలు, ఫ్రిజ్ అన్నీ ఊడతాయి. కాబట్టి కట్టించేటట్టయితే మొత్తం బరువు ఇంత దాటకూడదు అని ముందే కాగితం మీద రాయించండి, డెలివరీ రోజు కాటా వేశాకే ఆఖరి డబ్బులు అని చెప్పండి. ఫ్రేముకి గాల్వనైజింగ్, అంటే జింక్ పూత, చేయించండి, సూర్యలంకో మంగినపూడో వెళ్లొస్తే ఉప్పుగాలికి రంగు ఒక్కటే ఆగదు. చక్రాలు మీ కారువే సైజు, అవే బోల్టు రంధ్రాలు ఉండేట్టు చూస్కుంటే ఒకే స్పేర్ రెండింటికీ సరిపోతుంది, ఇది ఖర్చు లేని ఫీచర్, కానీ ఎవరూ అడగరు.

బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి. శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ దిగేటప్పుడు వెనక 700 కేజీలు నెడుతూ ఉంటే కారు బ్రేకులు కాలి వాసనొస్తాయి, ఆ వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. కారు స్లో అవ్వగానే ట్రైలర్ ముందుకి తోసుకొచ్చి తన బ్రేకులు తనే వేసుకునే ఓవర్‌రన్ రకం సింపుల్‌గా ఉంటుంది, వైరింగ్ గొడవ లేదు, రివర్స్‌లో లాక్ అవ్వకుండా ఏర్పాటు ఉందో లేదో చూడండి. ఎలక్ట్రిక్ బ్రేకులైతే ఇంకా నున్నగా పడతాయి, కానీ కారులో కంట్రోలర్ పెట్టాలి, పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లో దొరకాలి. దోర్నాల నుంచి శ్రీశైలం అడవి దారికి రాత్రిపూట గేట్లు వేసేస్తారు కాబట్టి పగలే దాటేట్టు బయల్దేరండి, అక్కడ రోడ్డు పక్కన ఆపి పడుకోవడం కుదరదు, అది పులుల అభయారణ్యం.

వంట ఎప్పుడూ బయటే, గుడారం లోపల గ్యాస్ వెలిగించొద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కింద చేరుతుంది, అందుకే బండ పెట్టే పెట్టెకి అడుగున రంధ్రం ఉండాలి. సొరుగులాగా వచ్చే కిచెన్ తీస్కుంటే పొయ్యికి గాలి అడ్డం ఉందా చూడండి, సూర్యలంక గాలికి మంట నిలవదు.

కాగితాల విషయం, ఇది అడ్వాన్స్ ఇచ్చే ముందు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబర్ కావాలి. సొంతానికి వాడుకునే క్యాంపర్ ట్రైలర్ నాన్ ట్రాన్స్‌పోర్ట్ కిందకి వస్తుంది. ఆమోదం పొందిన మోడల్ అయితే సర్టిఫికెట్ అడిగి తీస్కోండి, కట్టించేదైతే డ్రాయింగ్ పట్టుకుని ముందు ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లి ఇది రిజిస్టర్ అవుతుందా, ఏం కావాలి అని అడగండి, కారుకి హిచ్ పెట్టే సంగతి కూడా అక్కడే అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. వెల్డింగ్ అయ్యాక అడిగితే ప్రయోజనం లేదు.

అన్నీ కుదిరాక, షోరూమ్ వాడు విప్పి చూపిస్తే తృప్తిపడకండి. మిట్టమధ్యాహ్నం వెళ్లి మీరూ మీ ఆవిడా ఇద్దరే, వాడి సాయం లేకుండా, విప్పి మళ్లీ మడవండి. విప్పడం అందరూ చేస్తారు, మడిచి మూత వేసి జిప్పు పట్టించేసరికి అసలు సంగతి తెలుస్తుంది. తర్వాత లోపల పది నిమిషాలు తలుపేసుకుని పడుకుని చూడండి. ఉక్కపోతకి బయటికొచ్చేస్తే అది మీకు కాదు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

మొదటి రాత్రి దూరం పోకండి, ఆగిరిపల్లి, నూజివీడు వైపు తెలిసినవాళ్ల మామిడి తోట ఉంటే అడిగి అక్కడ ఆగండి, ఏది మర్చిపోయినా ఇంటికొచ్చి తెచ్చుకోవచ్చు. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పక్కకి ఆపి చక్రాల నట్లు మళ్లీ బిగించండి, కొత్తవి కొంచెం వదులవ్వొచ్చు. చక్రం మధ్యలో ఉండే హబ్‌కి దగ్గరగా అరచెయ్యి పెట్టి మెల్లగా తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే బేరింగ్ బిగుతుగానైనా ఉంది, బ్రేక్ పట్టేసైనా ఉంది, ముందుకి పోకుండా అక్కడే మెకానిక్‌ని పిలిపించండి.