పెద్ద సంఖ్యలు – 5వ పాఠం: ముందు ఆ కామాలు తీసేయండి

కారణాంకాలు ఎన్నో లెక్కపెట్టడం ఈసారి చెబుదామనుకున్నాను. మీరు పంపిన జవాబులు చూశాక వెనక్కి రాక తప్పలేదు. 12,35,79,456ను 7, 11, 13 భాగిస్తాయా అంటే ఎక్కువమంది ‘ఏదీ భాగించదు’ అని రాశారు. మూడూ భాగిస్తాయి! పద్ధతి గుర్తుందిగా: సంఖ్యను కుడి నుంచి ముక్కలు చేసి, ఒక ముక్క తీసేస్తూ ఒక ముక్క కలుపుతూ పోవాలి. చివరికి వచ్చినదాన్ని 7 భాగిస్తే అసలు సంఖ్యనూ 7 భాగిస్తుంది, 11, 13 కూడా అంతే.

తప్పెక్కడో కావలిలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే కుర్రాడి నోటుపుస్తకంలో దొరికింది. ఎర్ర పెన్నుతో కామాలు పెట్టి, వాటి మధ్య ముక్కల్నే తీసుకున్నాడు: 456 − 79 + 35 − 12 = 400. వాళ్లది బియ్యం అంగడి, లక్షలు రాసి అలవాటైన చెయ్యి. “ఏంది సార్, కామా ఉన్నకాడే గదా విడగొట్టేది?” అన్నాడు.

కాదు నాయనా. కామా ఉన్నది లక్షలు, కోట్లు చదువుకోడానికి. ఈ పద్ధతికి కుడి నుంచి మూడేసి అంకెలు కావాలి: 123 | 579 | 456. ఇప్పుడు 456 − 579 + 123 = 0. సున్నాను మూడూ భాగిస్తాయి, కాబట్టి అసలు సంఖ్యనూ భాగిస్తాయి.

7 × 11 × 13 = 1001 కదా. 1001ని మూడూ భాగిస్తాయి, దాన్ని వదిలేయొచ్చు. వెయ్యి దానికంటే ఒకటి తక్కువ, అందుకే వెయ్యి చోట −1 వేసుకుంటాం. పది లక్షలంటే వెయ్యి వేలు, అక్కడ +1. గుర్తులు మారుతూ వచ్చేది ఇందుకే. లక్ష అలా కుదరదు. అది వంద వేలు, దాని చోట −100 రావాలి. కోటి చోట 10. అంటే మావాడు −3500 వేయాల్సిన చోట +35 వేశాడు, −12 వేసిన చోట +120 రావాలి. కామాలు వదల్లేని మొండివాళ్లు ఇలా చేసుకోండి: 456 − 79 − 3500 + 120 = −3003. 1001కి సరిగ్గా మూడు రెట్లు.

నేనైతే పెన్సిల్‌తో నిలువు గీతలే గీస్తాను. కామాలు చెక్కు రాసేటప్పుడే.

సరే, మిగిలిన పని. మన సంఖ్యను 1001తో భాగిస్తే 1,23,456. అందులో ఆరు రెండ్లు, ఒక మూడు పోతే 643, ప్రధాన సంఖ్య. మొత్తం 2⁶ × 3 × 7 × 11 × 13 × 643. ఒక్కో ఘాతాంకానికి ఒకటి కలిపి గుణించండి: 7 × 2 × 2 × 2 × 2 × 2 = 224 కారణాంకాలు. ఎందుకలాగో వచ్చేసారి.

అభ్యాసం ఒక్కటే: 4294967297. కామాలు కావాలనే పెట్టలేదు. ఇది 2³² + 1. ఘాతాంకం 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపవుతూ పోయే ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అని గణితజ్ఞుడు ఫెర్మా అనుకున్నాడు, 641 దీన్ని భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. ముందు 7, 11, 13 సంగతి తేల్చండి, −380 రాకపోతే మళ్లీ కామాల దగ్గరే పడ్డారన్నమాట. తర్వాత భాగహారం చేయకుండా 641 భాగిస్తుందని చూపండి. 641 = 5 × 128 + 1, 641 = 625 + 16. ఈ రెండూ చాలు, కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు.