బుల్లెట్ కార్బురేటర్ నేర్చుకుందాం - 3వ పాఠం: పెట్రోలు ఎక్కణ్ణుంచి కారుతోంది?

పోయిన పాఠంలో జెట్లు శుభ్రం చేశాం. ఈసారి లీకేజీ పని పడదాం. బండి అదే, పోత ఇనుము ఇంజన్ ఉన్న పాత బుల్లెట్ 350, మిక్‌కార్బ్ వీఎం24 కార్బురేటర్. దీనికి పెట్రోలు పంపు లేదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద. ట్యాప్ తెరిస్తే పెట్రోలు దానంతటదే దిగుతుంది. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే కప్పు నిండాక దాన్ని ఆపాల్సింది ఫ్లోటు నీడిలు ఒక్కటే. కప్పులో తేలే బుడ్డి ఫ్లోటు, అది పైకి లేస్తే నీడిలు మొన సీటు అనే రంధ్రాన్ని మూస్తుంది. అది మూసుకోకపోతే, ట్యాప్ తెరిచి ఉన్నంతసేపూ ఇంజన్ ఆగి ఉన్నా కారుతూనే ఉంటుంది.

స్క్రూడ్రైవర్ అప్పుడే పట్టుకోకండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక కార్బురేటర్‌ని పొడిగుడ్డతో బాగా తుడిచి, చుట్టూ టాల్కం పౌడరు చల్లండి. ట్యాప్ తెరిచి పది నిమిషాలు ఆగండి. పౌడరు మొదట ఎక్కడ తడిసిందో అదే లీకు చోటు. కింద వేలాడే చుక్కను నమ్మొద్దు, ఎక్కడ కారినా అది అడుగుకే చేరుతుంది. ఈ పనంతా ఆరుబయట చేయాలి, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

పైపు మూతి దగ్గర తడిస్తే పైపు గట్టిపడి పగిలినట్టు. పాత ముక్క షాపులో చూపించి అదే కొలతది తెచ్చుకోండి. కప్పు అతుకు తడిస్తే ప్యాకింగ్ పోయింది, కొత్తది వేయండి. అక్కడ పేస్టు మాత్రం పూయకండి. పేస్టు ముక్కలు ఊడి పైలట్ జెట్టుకు అడ్డం పడతాయి, లీకు పోయినా స్లోయింగ్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడం) పోతుంది.

ఓవర్‌ఫ్లో దారిలో (ఎక్కువైన పెట్రోలు బయటికి పోయే గొట్టంలో) కారితే తప్పు లోపల ఉంది, అంటే కప్పులో మట్టం పెరిగిపోతోంది. స్క్రూడ్రైవర్ పిడితో కప్పును మెల్లగా రెండుసార్లు తట్టి చూడండి. కారడం ఆగిందంటే నీడిలు ఇరుక్కుంది, లేదా నలక అడ్డుపడింది. ఇప్పటికి ఆగినా మళ్ళీ వస్తుంది కాబట్టి ట్యాప్ కట్టేసి కప్పు విప్పండి.

ఫ్లోటు పిన్ను లాగి నీడిలు బయటికి తీయండి. దాని మొనను వెలుతురులో తిప్పుతూ చూడండి. మొన చుట్టూ ఉంగరంలా గాడి కనిపించినా, గోరుకు తగిలినా నీడిలు అయిపోయినట్టే. దాన్ని ఎమరీతో అరగదీయకండి, సీటుతో సహా మార్చండి. సీటు కింద వాషరు కూడా కొత్తదే వేయాలి, ఎందుకంటే నీడిలు గట్టిగా మూసుకున్నా పాత వాషరు అంచు నుంచి పెట్రోలు జారుతుంది. కొత్త నీడిలు వేసినా లీకు ఆగలేదని వినిపించే ఫిర్యాదుల్లో ఈ వాషరును తప్పకుండా అనుమానించాలి.

ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే చిల్లు పడింది, బరువెక్కి పైకి తేలడం లేదు. మార్చడమే మేలు.

బిగించేముందు ఒక పరీక్ష. కార్బురేటర్‌ని తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోటు తన బరువుతో నీడిలును సీటుకు నొక్కుతుంది. పెట్రోలు వచ్చే మూతికి శుభ్రమైన పైపు తగిలించి మెల్లగా ఊదండి. గాలి అసలు పోకూడదు. నిటారుగా తిప్పి ఊదితే హాయిగా పోవాలి. తలకిందులుగా ఉన్నప్పుడు గాలి పోతే ఇంకా మిగిలిన పని ఉంది, బండికి ఎక్కించకండి.

ఇక అసలు దోషి ట్యాంకు. గోదావరి డెల్టా గాలిలో ఏడాది పొడుగునా తేమే. సగం ఖాళీ ట్యాంకుతో బండిని వారాల తరబడి నిలబెడితే లోపలి గోడలకు చెమ్మ పట్టి తుప్పు రాలుతుంది. దాని మీద ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. కప్పులో తెల్లటి పొడి కనిపిస్తే లోహం తినేస్తున్నట్టు. పాత రబ్బరు కూడా ఈ పెట్రోలుకు ఉబ్బిపోవచ్చు. ట్యాప్ దగ్గర పైపు ఊడదీసి అర లీటరు గాజు సీసాలోకి వదిలి, గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున ఎర్రటి మడ్డి గానీ వేరే పొర గానీ నిలిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే. అది చేయకుండా ఎన్ని నీడిళ్ళు మార్చినా డబ్బు దండగ. ట్యాప్‌కీ కార్బురేటర్‌కీ మధ్య చిన్న ఫిల్టరు వేసుకోవచ్చు, కానీ పైపు ఎక్కడా పైకి వంపు తిరగకుండా కిందికే దిగాలి.

కాలవగట్టు వాలులో సైడ్ స్టాండు వేస్తే బండి మరీ వాలి, ఫ్లోటు మట్టం అంచులో ఉన్న బండికి కొంచెం కారుతుంది. సెంటర్ స్టాండు వేసి చూడండి. ఆగిపోతే నీడిలును తప్పుపట్టే ముందు ఫ్లోటు ఎత్తు సరిచూడాలి. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు (పడవ) ఎక్కించేటప్పుడు మాత్రం బండి ఎంత బాగున్నా ట్యాప్ కట్టేయండి, చుట్టూ మనుషులుంటారు.

చాలా రోజులు కారిన బండికి ఇంకో సంగతి చూడాలి. ఆయిలు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే అది ఇంజన్‌లోకి దిగి ఆయిలు పలచబడింది. ఆ ఆయిలుతో కిక్కు కొట్టొద్దు, ముందు మార్చండి.

వచ్చే పాఠంలో ఫ్లోటు ఎత్తు సరిచేయడం. అందాకా పాత నీడిలు, సీటు పారేయకండి, కొత్తదాని పక్కన పెట్టి అరుగుదల చూపించడానికి కావాలి.