అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను సొంతంగా చదువుకుని రాయడం: ఇంటర్ విద్యార్థులకు దరఖాస్తు విధానం

ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు. అమెరికాలోని కాలేజ్ బోర్డ్ ఏటా మే నెలలో నిర్వహించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను అందరూ ఏపీ అనే పిలుస్తారు. హైస్కూల్లో ఉండగానే డిగ్రీ మొదటి ఏడాది స్థాయి పాఠాన్ని చదివి రాసే ఈ పరీక్షలకు 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికీ, చేరాక క్రెడిట్లకూ ఆ స్కోరు పనికొస్తుంది; క్రెడిట్ అంటే ఒక కోర్సును అప్పటికే పూర్తి చేసినట్టు లెక్కించడం. ఆ సబ్జెక్టును బడిలో చదివి ఉండాలన్న నిబంధన చాలా పరీక్షలకు లేదు కాబట్టి, మన ఇంటర్ విద్యార్థి కూడా ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా రాయవచ్చు. సెమినార్, రీసెర్చ్ అనే రెండు మాత్రం బడిలో చేరి చదివినవారికే పరిమితం. కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్‌కు పరీక్షతో పాటు ఏప్రిల్ చివరిలోగా ఒక ప్రాజెక్టును కూడా సమర్పించాలి. అందుకే మొదటిసారి రాసేవారు దాని జోలికి పోకపోవడం మేలని నా అభిప్రాయం.

పరీక్ష మే నెలలో కదా, సంక్రాంతి తర్వాత చూసుకుందామనుకునేవారే ఎక్కువగా నష్టపోతారు. ఈ దరఖాస్తులో అసలు గడువు సెప్టెంబరు. అమెరికా విశ్వవిద్యాలయాల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబరు 1తో ముగుస్తుంది. ఏపీ స్కోర్లు జులైలో వస్తాయి. అంటే ప్రవేశ నిర్ణయంలో స్కోరు అక్కరకు రావాలంటే ఇంటర్ మొదటి సంవత్సరం ముగిసిన మే నెలలోనే పరీక్ష రాయాలి. జూన్‌లో ఇంటర్‌లో చేరిన విద్యార్థి మూడు నెలలు తిరగకముందే పరీక్ష రాయడానికి చోటు వెతుక్కోవలసి వస్తుంది. రెండో సంవత్సరం మే నెలలో రాస్తే, అప్పటికే ప్రవేశ నిర్ణయాలు వెలువడి ఉంటాయి గనుక, ఆ స్కోరు చేరిన తర్వాత క్రెడిట్ల కోసమే ఉపయోగపడుతుంది. పైగా ఆ మే నెలలోనే ఎంసెట్‌కు కొత్త పేరైన ఈఏపీసెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా మీదపడతాయి.

మొదటి పని పరీక్ష రాయనిచ్చే బడిని వెతకడం. కాలేజ్ బోర్డ్‌కు నేరుగా డబ్బు కట్టి కేంద్రాన్ని ఎంచుకునే పద్ధతి సాధారణంగా ఉండదు. ఏపీ కోర్సులు నడుపుతున్న బడుల వివరాలు ఏపీ కోర్స్ లెడ్జర్ అనే జాబితాలో ఉంటాయి. హైదరాబాదులో అంతర్జాతీయ పాఠశాలలను అడిగి, అక్కడ దొరక్కపోతే బెంగళూరు, చెన్నైలలో ప్రయత్నించాలి. బయటి విద్యార్థిని తీసుకోవాలా వద్దా అన్నది ఆ బడి ఇష్టం. కాబట్టి అక్కడ ఈ పరీక్షల ఏర్పాట్లు చూసే ఏపీ కోఆర్డినేటర్‌కు ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదటి వారంలోనో మెయిల్ పెట్టి, ఏ సబ్జెక్టు రాయదలచారో, ఏ తరగతిలో ఉన్నారో తెలిపి, బయటివారి నుంచి అదనంగా ఎంత తీసుకుంటారో, ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకోవాలో లేదో ముందే అడగాలి. ఆ బడి తన పిల్లలకు బోధించే సబ్జెక్టునే ఎంచుకుంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

బడి ఒప్పుకున్నాక విద్యార్థి కాలేజ్ బోర్డ్ ఖాతా తెరవాలి. మన పిల్లలకు చిక్కు వచ్చేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు, పేరు ఒకే వరుసలో ఉంటాయి, కొన్నిసార్లు ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో మాత్రం అవి రెండు గడుల్లో విడివిడిగా ఉంటాయి. పరీక్ష రోజున చూపేది పాస్‌పోర్టు అయితే, ఖాతాలో కూడా ఇంటిపేరును పూర్తిగా విడదీసి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే నింపాలి. కాలేజ్ బోర్డే నిర్వహించే ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీ కోసం ఇప్పటికే ఖాతా ఉంటే దానినే వాడాలి. రెండో ఖాతా తెరిస్తే స్కోర్లు చెల్లాచెదురవుతాయి.

ఆ తర్వాత కోఆర్డినేటర్ ‘ఎగ్జామ్ ఓన్లీ’, అంటే తరగతి లేకుండా పరీక్ష మాత్రమే రాసేవారి విభాగం కింద ఒక జాయిన్ కోడ్ ఇస్తారు. కాలేజ్ బోర్డ్ సైటులోని మై ఏపీ పేజీలో ఆ కోడ్‌ను నమోదు చేయాలి. అయితే కోడ్ కొట్టినంత మాత్రాన పరీక్ష ఖాయమైనట్టు కాదు. నవంబరు మధ్యలో ముగిసే గడువులోగా కోఆర్డినేటర్ మీ పరీక్షకు కాలేజ్ బోర్డ్ వద్ద ఆర్డరు పెడితేనే పేపరు వస్తుంది, కాబట్టి ఆ వారంలో ఒక్కసారి అడిగి నిర్ధారించుకోవాలి. 2025లో ఒక్కో పరీక్షకు ఫీజు అమెరికాలో 99 డాలర్లు, భారతదేశం వంటి ఇతర దేశాల్లో 129 డాలర్లు. బడి వేసే రుసుము దీనికి అదనం. గడువు దాటాక ఆర్డరు పెట్టినా, పెట్టిన పరీక్షను మానుకున్నా ఒక్కోదానికి 40 డాలర్ల చొప్పున పడుతుంది. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలు తమ బడిలో లేని సబ్జెక్టు రాయాలన్నా విధానం ఇదే.

చదువు సంగతికి వస్తే, ఎంపీసీ వారికి ఏపీ గణిత పరీక్షల్లో ఒకటైన కాలిక్యులస్ బీసీ సహజమైన ఎంపిక. అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు ఇంటర్‌లో ఎలాగూ ఉన్నాయి. అనంత శ్రేణుల అభిసరణ, టేలర్ శ్రేణి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. రెండో సంవత్సరపు సమాకలనాన్ని మొదటి సంవత్సరంలోనే పూర్తి చేయాల్సి రావడం మరో భారం. లెక్క రాకపోవడం కన్నా రాయడం తెలియకపోవడం వల్ల మార్కులు పోయేదే ఎక్కువ. ఒక బిందువు దగ్గర స్థానిక గరిష్ఠం ఉందని చూపమంటే, మనవాళ్లు ప్లస్, మైనస్ గుర్తుల పట్టిక గీసి జవాబు రాసేస్తారు. పట్టిక ఒక్కటే అక్కడ సమర్థనగా చెల్లదు. ఆ బిందువు దగ్గర అవకలజం ధనాత్మకం నుంచి ఋణాత్మకానికి మారుతోంది కనుక గరిష్ఠం అని వాక్యంలో చెప్పాలి. పాత ఏళ్ల ప్రశ్నలు, వాటికి మార్కులు వేసే పద్ధతి కాలేజ్ బోర్డ్ సైటులో ఉచితంగా ఉన్నాయి. జవాబు రాసి, ఆ మార్కుల పద్ధతితో ఎవరికి వారే దిద్దుకోవడం అన్నిటికన్నా మంచి సాధన.

2025 నుంచి చాలా పరీక్షలు బ్లూబుక్ అనే యాప్‌లోకి మారాయి. కాలిక్యులస్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నలు తెర మీద, వివరణాత్మక జవాబులు కాగితం మీద రాయాలి. ఇంటర్‌లో కాలిక్యులేటర్ ముట్టనివ్వరు కాబట్టి, బ్లూబుక్‌లో ఉండే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను వారాల ముందే అలవాటు చేసుకోవాలి.

స్కోర్లను దరఖాస్తులో సాధారణంగా మనమే నింపుతాం. అధికారిక నివేదికను ఎక్కువ విశ్వవిద్యాలయాలు చేరే సమయంలోనే అడుగుతాయి. జూన్ 20లోగా ఎంచుకుంటే ఆ ఏడాదికి ఒక సంస్థకు ఉచితంగా పంపుతారు. ఏ స్కోరుకు ఏం దక్కుతుందో ఒక్కో చోట ఒక్కో రకం: కాలిక్యులస్ బీసీలో 5 వస్తే ఎంఐటీ తన మొదటి కాలిక్యులస్ కోర్సు 18.01కి క్రెడిట్ ఇస్తుంది, కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 3కే ఇస్తాయి. స్కోరు నచ్చకపోతే రద్దు చేయించుకోవచ్చు గానీ, రద్దయిన స్కోరు తిరిగి రాదు, కట్టిన ఫీజూ వెనక్కి ఇవ్వరు.