జర్నల్ చందా ఆపే ముందు

కాలేజీ లైబ్రరీలు తెప్పించే జర్నళ్ల (పరిశోధన పత్రికల) చందాలు ఎక్కువగా జనవరి–డిసెంబరు లెక్కన నడుస్తాయి. అనంతపురమైనా కర్నూలైనా, ఏవి ఆపాలో తేల్చే పని దసరాకల్లా మొదలుపెట్టండి.

– ప్రభుత్వ సంస్థ అయితే ముందు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ (ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కేంద్రమే కట్టే ఉమ్మడి చందా) జాబితా చూడండి. 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు అందులో వస్తున్నాయి. వాటికే మళ్లీ డబ్బు కట్టడం దండగ.

– డౌన్‌లోడ్ల లెక్క ఒక్కటే చూసి కొట్టేయకండి. చందాను డౌన్‌లోడ్లతో భాగిస్తే ఒక్కో వ్యాసం ఎంతకు పడిందో తెలుస్తుంది, నిజమే. కానీ వేరుశనగ తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేసే ఇద్దరు పిల్లలకు ఆ జర్నలే దిక్కు కావచ్చు. వాళ్లను అడగండి.

– కట్టిన ఏళ్ల సంచికలు చందా ఆగాక కూడా తెరుచుకుంటాయని ఒప్పందంలో ఉందా? నోటిమాట చెల్లదు.

– డెల్‌నెట్ (లైబ్రరీలు ఒకదానికొకటి వ్యాసాలు, పుస్తకాలు ఇచ్చుకునే నెట్‌వర్క్) ద్వారా ఒక వ్యాసం తెప్పించి, ఎన్నాళ్లు పట్టిందో చూడండి.

– ఆపే జాబితా మీద హెచ్‌ఓడీల (విభాగాధిపతుల) సంతకాలు తప్పనిసరి. లేదంటే తిట్లు లైబ్రేరియన్‌కే.