తిథి చూసుకుని రండి: బరంపురం, గోపాల్‌పూర్, చిలికా దీవుల్లో తిండీ, రాత్రులూ, జాతరలూ

ఇచ్ఛాపురం దాటి ఇటొచ్చే మనవాళ్లు ముందు గది బుక్ చేసుకుంటారు, తర్వాత పడవ గురించి అడుగుతారు, తేదీ సంగతి ఆఖర్న చూస్తారు. ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో ఆ వరస తిరగెయ్యాలి. ఇక్కడ మంచి పీత దొరకడం, పడవ కదలడం, రాత్రిపూట వీధి మేలుకుని ఉండడం అన్నీ తిథిని బట్టీ గాలిని బట్టీ నడుస్తాయి. తేదీ కుదిరితే మామూలు గదిలో దిగినా ప్రయాణం బాగుంటుంది. కుదరకపోతే ఎంత ఖర్చు పెట్టినా మూసిన ధాబాలూ, కట్టేసిన పడవలే చూసి వెళ్తారు.

ముందు క్యాలెండర్

అందరూ పొరబడేది కార్తీకం దగ్గర. మనకు కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్యతో ముగుస్తుంది. ఒడియావాళ్లకు ఆశ్వయుజ పూర్ణిమ దాటగానే మొదలై కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. అంటే దీపావళికి పదిహేను రోజుల ముందే ఇక్కడ చాలా ఇళ్లలో నీచు మానేస్తారు. చివరి అయిదు రోజులు, అంటే పంచకం, మరీ గట్టిగా పాటిస్తారు. ఆ రోజుల్లో చిలికా సరస్సు ఒడ్డుకొచ్చి పీతలు అడిగితే సరుకూ తక్కువ, వండేవాళ్లూ తక్కువ. పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి. నెలంతా ఆగినవాళ్లందరూ ఒకేసారి చేపల బజారు మీద పడతారు, ధర కొండెక్కుతుంది. ఆ ఒక్కరోజు వదిలేసి రెండు రోజులు ఆగి రండి. అప్పటికి బజారు సర్దుకుంటుంది, వలస పక్షులు సరస్సుకు చేరి ఉంటాయి, ఎండ కూడా మెత్తబడుతుంది. మీ ఇంట్లో కార్తీక నియమం అమావాస్య దాకా ఉంటే మాత్రం ఆ లెక్క మీదే. మార్గశిర గురువారాలు కూడా ఇక్కడ లక్ష్మీపూజ రోజులు, ఆ రోజుల్లో ఎక్కువ ఇళ్లలో శాకాహారమే.

సముద్రపు చేపకు వేరే లెక్క ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేటకు నిషేధం. ఆ 61 రోజుల్లో గోపాల్‌పూర్‌లో పెద్ద కోనాం ముక్క కనిపిస్తే అది ఐసులో ఎన్నాళ్ల నుంచి ఉందో అడగండి. తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చిన చిన్న చేప ఆ రోజుల్లో నయం.

మొత్తం మీద నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా తిండికీ పడవకూ మంచి కాలం. జాతరల రాత్రులు కావాలంటే మార్చి మధ్య నుంచి ఏప్రిల్ 14 దాకా రావాలి. రెండూ ఒకే ప్రయాణంలో పూర్తిగా దక్కవు.

రంభ దగ్గర పడవ

చిలికాకు మూడు వైపుల నుంచి వెళ్లొచ్చు. బరంపురానికి దగ్గరది రంభ, జాతీయ రహదారి 16 మీద గంట ప్రయాణం. ఇంకా పైకి వెళ్తే బాలుగాం పక్కన బర్కూల్, అక్కణ్నుంచి కాళీజాయి దీవి. సాతపడ పూరీ జిల్లాలో ఉంది, ఐరావదీ డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది ఆ వైపే. రంభలో ఎవరైనా డాల్ఫిన్లు చూపిస్తామని డబ్బు అడిగితే ఒప్పుకోకండి.

రంభలో చూసేవి చిన్న దీవులు. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో ఖల్లికోట రాజుల కాలపు పాత బంగళా శిథిలం ఉంది. బీకన్ దీవి అంటే నీళ్లలో ఒక బండ, దాని మీద దీపం పెట్టడానికి కంపెనీ కాలంలో కట్టిన స్తంభం. బర్కుడా దీవినే పడవవాళ్లు హనీమూన్ దీవి అంటారు. కాళ్లు లేని ఒక రకం నలికీచును 1917లో శాస్త్రజ్ఞులు మొదట వర్ణించింది ఈ దీవి నుంచే, దాని శాస్త్రీయ నామం బర్కూడియాలో ఉన్నది ఈ దీవి పేరే. పిల్లల్ని తీసుకొస్తే ఈ సంగతి తప్పకుండా చెప్పండి, రాళ్లూ ఆకులూ కదపనివ్వకండి.

పడవ పొద్దున్న ఆరున్నరా ఏడు మధ్య కదలాలి. ఎండాకాలంలో పొద్దెక్కే కొద్దీ దక్షిణపు గాలి లేస్తుంది. సరస్సు లోతు తక్కువ కాబట్టి కాస్త గాలికే పొట్టి పొట్టి అలలు వరసగా తగులుతాయి. అవి మనుషుల్ని తడిపేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత పడమటి దిక్కున మబ్బు నల్లబడితే బేరం కుదిరిన పడవైనా ఎక్కొద్దు.

ఎక్కేముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. ధర పడవకా, మనిషికా? ఏయే దీవుల్లో దింపుతాడు, ఎక్కడ చుట్టూ తిప్పి తెస్తాడు? దిగినచోట ఎంతసేపు ఆగుతాడు? లైఫ్ జాకెట్లు తలకొకటి ఉన్నాయా, పిల్లల సైజువి ఉన్నాయా? చివరిది నోటితో అడిగి ఊరుకోకండి, జాకెట్లు చేతిలోకి తీసుకుని బకిల్స్ పెట్టి చూడండి. దారిలో ఇంజన్ హఠాత్తుగా ఆగితే కంగారొద్దు, పంఖాకు నాచు చుట్టుకుని ఉంటుంది. పడవవాడు వెనక్కి వంగి దాన్ని కోసేదాకా ఎవరూ లేచి నిలబడకండి, ఒక పక్కకు జరగకండి.

చిన్న దీవుల్లో కొట్లు ఉండవు. మనిషికి లీటరు నీళ్లు, ఏదైనా పొడి తిండి, చిల్లర దగ్గర పెట్టుకోండి. చెత్త వెనక్కి తెచ్చేయండి. చిలికా 1981లోనే చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా, అంటే రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు. ఆ నీళ్లలో ఒక చిప్స్ ప్యాకెట్ తేలుతుంటే చూడబుద్ధి కాదు.

కాళీజాయి గుడికి మకర సంక్రాంతి నాడు జనం పోటెత్తుతారు. అత్తవారింటికి వెళ్తూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే పెళ్లికూతురు అమ్మవారైందని ఇక్కడివాళ్ల నమ్మకం. మొక్కు లేకపోతే ఆ రోజు వద్దు, పడవల్లో పట్టనంతమంది ఎక్కుతారు. ముందురోజో, రెండు రోజుల తర్వాతో వెళ్తే దర్శనం నిదానంగా అవుతుంది.

పీతలు: కొనడం దగ్గర్నుంచి కంచం దాకా

చిలికా పేరు నిలబెట్టేది మండపీత. ఒడియాలో కంకడా అంటారు. రంభ, బాలుగాం బజార్లలో పొద్దున్నే కొని, రోడ్డు పక్క ధాబాలో ఇచ్చి వండించుకోవడం ఇక్కడి పద్ధతి. మెనూలో రాసిన పీత కూర కన్నా ఇదే మంచిది, ఎందుకంటే పీతను బతికి ఉండగా మీరే చూస్తారు.

పెంకు తళతళా మెరుస్తుంటే మోసపోకండి. ఆ పీత ఈమధ్యే కుబుసం విడిచిందన్నమాట, లోపల మాంసం సగం కూడా నిండి ఉండదు, కోస్తే నీళ్లు కారతాయి. పొట్టవైపు మాసిపోయి, గోధుమ మచ్చలు పడి, డెక్కల పళ్లు అరిగిన పీతను తీసుకోండి. ఒకే సైజువి రెండు రెండు చేతుల్లో పట్టుకుంటే బరువైనది తెలిసిపోతుంది. తర్వాత తిరగేసి, చివరి కాలి మొదలు దగ్గర బొటనవేలితో నొక్కండి. లొత్తపడితే పక్కన పెట్టేయండి. పొట్ట కింది రేకు సన్నగా కోసుగా ఉంటే మగది, డెక్కల్లో మాంసం ఎక్కువ. వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, లోపల ఎర్రని కొవ్వు ఉండొచ్చు. రేకు కింద బయటికే గుడ్లు అంటుకుని ఉన్న ఆడపీతను మాత్రం కొనకండి. కొనేవాళ్లు లేకపోతేనే దాన్ని పట్టడం ఆగుతుంది.

తూకం దగ్గర డెక్కలకు కట్టిన తాడు చూడండి. తడిసిన లావు తాడు కూడా పీత ధరకే తూగుతుంది, సన్న తాడుతో కట్టినవి అడగండి. కిలో పీతల్లో తినే మాంసం మూడోవంతు మించదు, అందుకని నలుగురికి రెండు కిలోలు కావాలి. ఒక్కోటి అరకిలో పైబడినవి నాలుగు తెస్తే శుభ్రం చెయ్యడం తేలిక.

పీతల్ని బకెట్ నీళ్లలో పెట్టి తేకండి. కదలని నీళ్లలో గాలి అయిపోయి చచ్చిపోతాయి. తడిపిన గోనెసంచిలో చుట్టి నీడన పెడితే గంటలు గంటలు బతుకుతాయి. దారిలో చచ్చినదాన్ని పారేయాల్సిందే, పీత మాంసం చాలా త్వరగా పాడవుతుంది, ఘాటైన వాసన వస్తుంది.

ధాబాకు పదకొండు లోపల చేరండి. మధ్యాహ్నం జనం పెరిగాక మీ పీతలు మూల పడతాయి. వండే కూలి కిలోకి ఎంతో ముందే మాట్లాడుకోండి, తూకం మీ కళ్లముందు వేయించండి, పీతలెన్నో గట్టిగా లెక్కపెట్టి ఇవ్వండి. బసలో మీరే వండుకుంటే, ముందు ఐసులో అరగంట ఉంచండి, పీత స్పర్శ తప్పుతుంది. అప్పుడు రేకు విరిచి, పైపెంకు లేపి, రెండు పక్కలా దూదిపింజల్లా ఉన్న మొప్పలూ, కళ్ల వెనకున్న సంచీ తీసేయండి. పసుపుపచ్చ కొవ్వు ఉంచేయండి, కూరకు చిక్కదనం దాంతోనే వస్తుంది. డెక్కలు రోకలితో ఒక్క దెబ్బ, పగులు పడేంత చాలు.

ఒడియా పద్ధతి పీతల కూర కంకడా ఝోళకు కిలో పీతలకు నాలుగు పెద్ద చెంచాల ఆవనూనె. మొదట నూనెను పొగ లేచేదాకా కాచాలి. మనవాళ్లకు ఆవనూనె కూర నచ్చకపోవడానికి సగం కారణం ఆ పచ్చివాసనే. మంట తగ్గించాక రెండు ఉల్లిపాయలు, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి, రెండు టమాటాలు, పసుపు, కారం వేసి నూనె తేలేదాకా వేయించండి. పీతలు వేసి అయిదు నిమిషాలు తిప్పి, రెండు గ్లాసుల వేణ్నీళ్లు పోసి మూతపెట్టి పదిహేను నిమిషాలు ఉంచండి. అంతకు మించితే మాంసం పెంకును పట్టుకుని ఊడిరాదు. చేపకు చేసే బెసరలో ఆవముద్ద ఉంటుంది. ఆవాలు వెల్లుల్లి, ఉప్పు, పచ్చిమిర్చితో కలిపి నూరి, దింపబోయే ముందు వెయ్యాలి. ముందే వేసి మరిగిస్తే చేదెక్కుతుంది.

సాయంత్రం గోపాల్‌పూర్

బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. ఇక్కడ పబ్బులూ డీజేలూ వెతకొద్దు. దీపస్తంభం కింద, పాత జెట్టీ స్తంభాల ఎదురుగా కూర్చునే చల్లగాలి, వేడి చేప, ఇవీ ఇక్కడి సాయంత్రం. బీచ్‌లో మందు తాగితే పోలీసులతో ఇబ్బంది. తాగేవాళ్లు లైసెన్సు ఉన్న బార్‌లోనే ముగించుకోవాలి.

బళ్ల మీద ఎర్రరంగు పట్టించి వరసగా పేర్చిన ముక్కలు కొనకండి, ఆ రంగు కింద చేప ఎప్పటిదో తెలియదు. మొత్తం చేప చూపించి, మీ ముందే కోసి, మసాలా పట్టించేవాడి దగ్గర తినండి. మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే నిండాలి. రొయ్య తల నల్లబడి వదులైతే అది నిన్నటిది. పొద్దున్నే ఒడ్డుకొస్తే ఇంకా మేలు, పడవ దింపే మత్స్యకారుల్లో తెలుగువాళ్లు చాలామంది, బేరం మన మాటలోనే అవుతుంది.

నీళ్లలో దిగేవాళ్లకు ఒక్కమాట: ఇక్కడ ఒడ్డు కింద నేల ఏటవాలుగా పడిపోతుంది, వెనక్కి వెళ్లే అల బలంగా లాగుతుంది. మోకాలు దాటొద్దు, చీకటి పడ్డాక అసలొద్దు.

రాత్రి భోజనం గోపాల్‌పూర్‌లోనో బరంపురంలోనో చెయ్యండి, రంభలో తొమ్మిది దాటితే పొయ్యి ఆరిపోతుంది. బరంపురంలో పొద్దున్న టిఫినుకు వడ, ఘుగుని కలిపి అడగండి. వేడివేడి తెల్లబఠానీల కూరలో నానిన వడ ఈ ఊళ్లో తినాల్సిందే.

మేలుకుని ఉండే రాత్రులు

బరంపురం ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి, చైత్రంలో, మూడు వారాలు దాటి జరుగుతుంది. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి పాత బరంపురం గుడి నుంచి దేశీబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్లతో ముడిపడిన యాత్ర ఇది, మనవాళ్లు దూరంగా నిలబడి చూడాల్సింది కాదు. ఏ యేడు వస్తుందో బరంపురం చుట్టాన్ని అడిగి, నెలల ముందే గది తీసుకోండి.

రాత్రి తొమ్మిది తర్వాత రండి. ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతారు, మొక్కున్నవాళ్లు పులివేషం లాంటి వేషాలు కడతారు. బండి ఊరి అవతలే ఆపి నడవండి. ఘటం వస్తుంటే దారి వదిలి, చెప్పులు విడిచి పక్కకు నిలబడండి. ఫోటో కన్నా దండం ముందు. చివరి రాత్రి ఇరుకు వీధుల్లో ఊపిరాడదు, పిల్లలతో వచ్చేవాళ్లకు నడిమి వారం మంచిది.

యాత్ర లేని యేడైనా, మొక్కున్నవాళ్లు వ్రతంగా ఆడే దండనాటకు లోటుండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో గంజాం పల్లెల్లో 13, 18 లేదా 21 రోజులు సాగి, మేషసంక్రాంతితో ముగుస్తుంది. పగలు మండే మట్టిలో ధూళిదండం, తర్వాత చెరువులో నీటిదండం, రాత్రంతా ఆట. కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి విసిరితే మంట ఒక్కసారిగా మనిషెత్తు లేస్తుంది, అందుకే ముందు వరసలో నైలాన్ చీరతో కూర్చోవద్దు. ఏ ఊళ్లో ఏ రాత్రో ముందుగా అచ్చువేసి ఉండదు, ఏ ఇంటివాళ్లు పిలిస్తే అక్కడికి దళం వెళ్తుంది. సాయంత్రం టీకొట్టులో అడిగితే చెబుతారు. చాపా, నీళ్లూ తెచ్చుకోండి. చైత్రంలో మంగళవారాలు తారాతారిణి అమ్మవార్ల కొండ మీద జాతర, 999 మెట్లు. ఎండ రాకముందే దిగిపోవాలి.

తాబేళ్లు వచ్చే రాత్రి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి. పొడంపేట, గోఖర్‌కుదా, పురుణాబంధ ఊళ్ల ఒడ్డు అది. దక్షిణపు గాలి నిలకడగా వీస్తే ఇక్కడివాళ్లు ఎదురుచూడ్డం మొదలెడతారు. కొన్నేళ్లు గుంపు అసలు రాదు, దానికోసమే సెలవు పెట్టి వచ్చేయకండి.

అటవీశాఖవాళ్లు ఆపినచోట ఆగండి. టార్చీ, ఫ్లాష్, ఫోన్ వెలుగు ఏదీ వద్దు, తెల్లబట్టలు వద్దు. నీళ్ల నుంచి పైకొస్తున్న తాబేలుకు అడ్డం వెళ్తే అది గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గుంట తవ్వి గుడ్లు పెడుతున్నప్పుడు వెనకవైపు, దూరంగా కూర్చోండి. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లుంటాయి, అందుకని మెత్తటి ఇసుక మీద తొక్కకుండా తడి ఇసుక వెంటే నడవండి. సుమారు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెలుగు ఎటుంటే అటు పాకుతాయి కాబట్టి ఆ వారాల్లో ఒడ్డున గది తీసుకుంటే సముద్రంవైపు దీపాలు ఆర్పేసి పడుకోండి.