హేవ్‌లాక్‌లో డైవింగా? ముందు తిరుగు టికెట్ చూసుకోండి

అండమాన్ వెళ్లే మనవాళ్ల ప్లాన్ తరచూ ఇలాగే ఉంటుంది. మొదట పోర్ట్‌బ్లెయిర్, సెల్యులార్ జైలు. తర్వాత హేవ్‌లాక్ దీవి, అక్కడి రాధానగర్ బీచ్‌లో ఫొటోలు. ఆఖరి రోజు తెల్లవారుజామున స్కూబా, అంటే సిలిండరు గాలి పీలుస్తూ నీళ్లలో మునిగే డైవింగ్, అటు నుంచి అటే ఫెర్రీ, మధ్యాహ్నం విమానం. మొదటిసారి నేనూ అచ్చం ఇలాగే వేసుకున్నాను. డైవింగ్ వాళ్లు విమానం టైము అడిగి, దిగనివ్వబోమని తిప్పి పంపేశారు. అప్పుడు చాలా కోపం వచ్చింది గానీ, తప్పు నాదే.

నీటి లోతులో ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఆలోగా విమానమెక్కితే, అక్కడ గాలి ఒత్తిడి ఇంకా తక్కువ కాబట్టి, గోలీసోడా కొట్టినట్టు రక్తంలో బుడగలు లేస్తాయి. కీళ్లనొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 గంటలు పెట్టుకుంటే ఏ బాధా లేదు. కాబట్టి హేవ్‌లాక్‌లో దిగిన మర్నాడే డైవింగ్ కానిచ్చేయండి. ఫొటోలు చివరికి ఉంచుకోండి.

సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆగిపోతాయన్నది కూడా లెక్కలో ఉండాలి. 2016 డిసెంబరులో తుపాను వాతావరణానికి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. అంటే సీజన్ అనుకునే నెలలోనే. విమానానికి ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. అన్నట్టు, 2018 నుంచి హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్, 2024 నుంచి పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. టికెట్ మీద ఈ పేర్లు చూసి కంగారు పడకండి.

డైవింగ్‌కు ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు చదవకుండానే అన్నిటికీ ‘నో’ అని గీకేస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, చెవి ఆపరేషన్, గర్భం లాంటివి ఉంటే దాచకండి. ఏదైనా అనుమానముంటే ఊళ్లోనే డాక్టరుకు చూపించి కాగితం రాయించుకోండి. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్దది పోర్ట్‌బ్లెయిర్‌లోనే.

జలుబు చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, నీళ్లలో మాత్రం అదే పెద్ద శత్రువు. మా తమ్ముడు ముక్కు దిబ్బడకు మాత్ర వేసుకుని దిగాడు. నాలుగు మీటర్లు పోకముందే చెవిలో మేకు దిగినట్టయి పైకొచ్చేశాడు. మూడు వారాలు ఆ చెవి సరిగా వినపడలేదు. జలుబుంటే మానుకోండి, డబ్బు పోయినా సరే.

ఈత రానివాళ్లకు చేయించే డైవ్ 12 మీటర్లు దాటదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు. కింద మాత్రం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, ముఖ్యంగా పైకొచ్చేటప్పుడు. చెవి నొప్పి మొదలవకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. బాగుందని బొటనవేలు పైకెత్తకండి. నీళ్లలో దానర్థం ‘పైకి పోదాం’ అని. కెమెరాకు అలా చూపించి, సగంలోనే బయటికొచ్చి తెల్లమొహం వేసినవాళ్లున్నారు! బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ‘బాగున్నాను’ అని. గుబురు మీసాలుంటే మాస్కులోకి నీళ్లు కారతాయి, కాస్త కత్తిరించుకోండి.

మొసళ్ల సంగతి హోటళ్లవాళ్లు తమంతట చెప్పరు. 2010లో రాధానగర్ దగ్గరే ఒక అమెరికా యువతిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డులున్నచోట, వాగులు సముద్రంలో కలిసేచోట, చీకటి పడ్డాక నీళ్లలో దిగకండి.

ఆటు సమయంలో విజయనగర్ బీచ్‌లో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, పగడపు ముక్కలు తేలతాయి. అక్కడ చెప్పులు విప్పకండి. ముళ్లున్న విష చేప ఏదైనా కుచ్చుకుంటే, ఆసుపత్రికి వెళ్లేలోగా కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచాలి. ఇసుక ఈగల దురదకు కొబ్బరినూనె పట్టించుకుని కూర్చోవడం మేలు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది, అద్దె స్కూటరు మీద ఉంటే ఆలోగా గదికి చేరండి. ఏటీఎంలనూ ఫోన్ సిగ్నల్‌నూ నమ్ముకోకుండా నగదు దగ్గరుంచుకోండి. ఊరు ఎక్కువగా దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలది, హిందీతో పని జరిగిపోతుంది.

పగడాలు మాత్రం చచ్చిన ముక్కయినా తెచ్చుకోకండి. వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. బయలుదేరే ముందు పిల్లల జేబులు కూడా ఓసారి తడిమి చూడండి.